పొరుగింటి ఆంటీకి లేని ఓటు

2014 మే నెలలో ఇంగ్లండ్‌లోని మా స్విండన్‌లో గుత్తివంకాయ కూర ఆగిపోయింది. వారం వారం సరుకులు తెచ్చుకునే షాపుకు వెళ్తే వంకాయల బుట్ట ఖాళీ. పక్కన కాకరకాయల బుట్ట, పొట్లకాయల బుట్ట కూడా ఖాళీయే. షాపాయన గుజరాతీ. "బ్రసెల్స్‌లో ఆపేశారు బెహన్‌జీ, మామిడిపళ్లు కూడా రావు" అన్నాడు. ఇండియా నుంచి వచ్చిన సరుకులో పండు ఈగ కనిపించిందట. అందుకని మామిడిపళ్లు, వంకాయ, కాకర, పొట్ల, చేమదుంప, ఈ ఐదింటినీ బ్రసెల్స్‌లో కొలువున్న యూరప్ దేశాల కూటమి, యూరోపియన్ యూనియన్, మే 1 నుంచి నిషేధించింది. పెద్ద సూపర్‌మార్కెట్లో గుండ్రాయిలా ఉండే నల్ల వంకాయలు దొరికేవి. వాటిని నాలుగు పక్షాలుగా కోసి కారం కూరితే అదొక కూరా!

నేనుండే దేశానికి పైన ఇంకో పెద్దిల్లు ఉందని, ఇక్కడ ఏం అమ్మాలో అక్కడ తేలుస్తారని నాకు మొదటిసారి తెలిసింది అప్పుడే. అంతవరకూ యూరోపియన్ యూనియన్ అంటే ఎయిర్‌పోర్టులో మనది కాని వరస, అంతే. ఆ వరస గబగబా కదిలేది. మనది కదిలేది కాదు.

మామిడిపళ్ల మీద నిషేధం 2015 మొదట్లో తీసేశారు. మరుసటి ఏడు ఓటు నా చేతికి వచ్చినప్పుడు మాత్రం నా మనసులో ఉన్నది వంకాయలు కాదు. అమ్మ.

మా ఆయన ఉద్యోగం మీద 2009లో ఇక్కడికి వచ్చాం. మరుసటి ఏడు నాన్న పోయారు. తెనాలి దగ్గర పల్లెలో అంత పెద్ద ఇంట్లో అమ్మ ఒక్కతే మిగిలింది. కొన్నాళ్లాగి తెచ్చుకుందాం అనుకున్నాం. ఆ కొన్నాళ్లలో, 2012 జూలైలో, రూలు మారిపోయింది. తల్లిదండ్రులను ఇక్కడ ఉంచుకోవాలంటే, వాళ్లు తమంతట తాము స్నానం చేయలేని, బట్టలు కట్టుకోలేని, వండుకోలేని స్థితిలో ఉండాలి. పైగా ఆ సాయం సొంత దేశంలో డబ్బిచ్చినా దొరకదని రుజువు చేయాలి. మా అమ్మ తెల్లవారుజామున లేచి వాకిలి ఊడ్చి ముగ్గు పెట్టే మనిషి. ఆమె ఆరోగ్యమే ఆమెకు అడ్డం. లాయరు ఫీజు తీసుకుని మరీ చెప్పాడు, "అప్లై చేయకండి, డబ్బు దండగ" అని. విజిట్ వీసా మీద ఆరు నెలలు వచ్చి పోవచ్చు, అంతే.

మా పక్కింట్లో గోవా వాళ్లు ఉండేవారు. స్విండన్‌లో గోవా వాళ్లు చాలామంది. 1961 డిసెంబర్‌లో మన సైన్యం వెళ్లేదాకా గోవా పోర్చుగల్ కింద ఉంది కదా. అంతకుముందు అక్కడ పుట్టినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు పోర్చుగల్ పౌరసత్వం తీసుకోవచ్చు. ఆ పాస్‌పోర్టు చేతికొస్తే అప్పట్లో బ్రిటన్‌తో సహా యూనియన్‌లో ఎక్కడైనా ఉండగలిగేవాళ్లు. ఆంటీ 1958లో మడ్‌గాఁవ్ దగ్గర పుట్టింది. అలా పోర్చుగీసు పాస్‌పోర్టు మీద వచ్చి, ఓ గిడ్డంగిలో రాత్రి షిఫ్టులో పెట్టెలు సర్దే పని చేసేది. హిందీ, ఇంగ్లీషు కలిపి మాట్లాడేది. నన్ను "బేటా" అనేది. క్రిస్మస్‌కి సన్నాలు పంపేది, అచ్చం మన ఇడ్లీల్లాగే ఉంటాయి, కాస్త తియ్యగా. నేను ఉగాదికి బొబ్బట్లు పంపేదాన్ని. నా కొడుకు స్కూలు నుంచి వస్తే ముందు వాళ్లింటి తలుపే కొట్టేవాడు.

2013లో ఆంటీ వాళ్ల అమ్మను తెచ్చుకుంది. యూరోపియన్ రూలు ప్రకారం యూనియన్ పౌరులు తమ మీద ఆధారపడిన తల్లిదండ్రులను తెచ్చుకోవచ్చు. ఆ ముసలావిడ పోర్చుగీసు పాస్‌పోర్టు తీసుకోలేదు, ఆమెది నాలాగే ఇండియన్ పాస్‌పోర్టు. అయినా కూతురు యూరోపియన్ కాబట్టి వచ్చింది. ఆంటీ ఆమెను "మాయ్" అని పిలిచేది, మేమూ అలాగే పిలిచేవాళ్లం. కొంకణి తప్ప ఇంకో భాష రాదు. వీధి వైపు కిటికీ దగ్గర జపమాల పట్టుకుని కూర్చునేది. నేను వెళ్తూ చెయ్యి ఊపితే తనూ ఊపేది.

చెయ్యి ఊపుతూనే కడుపులో మంట. దాచుకోను. నేనూ ఇండియనే, మాయ్ కూడా ఇండియనే. ఆమె ఆ కిటికీ దగ్గర కూర్చోగలిగింది, మా అమ్మ కూర్చోలేకపోయింది. ఇద్దరి మధ్యా ఉన్నది కూతురి పాస్‌పోర్టు రంగు. ఆ మంట ఆంటీ మీద కాదు అని నాకు నేను చెప్పుకునేదాన్ని.

2016 వచ్చింది. బ్రిటన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని జూన్ 23న ఓటు. ఆ బయటికి రావడానికే బ్రెగ్జిట్ అని పేరు. ఇక్కడ నివాసముండే కామన్వెల్త్ పౌరులందరికీ ఓటుంది. అంటే ఇండియన్ పాస్‌పోర్టు ఉన్న నాకుంది. పన్నెండేళ్లుగా పన్నులు కడుతున్న ఆంటీకి లేదు, ఆమె పోర్చుగీసు కాబట్టి. ఐర్లాండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకు తప్ప మిగతా యూరప్ వాళ్లెవరికీ లేదు. మాయ్‌కి మాత్రం ఉంది! ఆ సంగతి తెలిసిన రోజు ఆంటీ నవ్వుతూనే అంది: "నా బతుకు గురించి ఓటు. నాకు తప్ప అందరికీ ఉంది."

మాయ్‌కి ఇలాంటి ఓటు కొత్త కాదని కూడా ఆ రోజే తెలిసింది. 1967 జనవరి 16న గోవాలో ఓటు పెట్టారు, మహారాష్ట్రలో కలవాలా, విడిగా ఉండాలా అని. కలవాలంటే పువ్వు గుర్తు, విడిగా ఉండాలంటే రెండాకుల గుర్తు. 34 వేల ఓట్ల తేడాతో రెండాకులు గెలిచాయి. మాయ్ రెండాకులకు వేసింది. మా వంటింట్లో కూర్చుని, రెండు వేళ్లు ఆకుల్లా విప్పి నాకు చూపించింది. యాభై ఏళ్ల నాటి ముచ్చట, నిన్న వేసి వచ్చినట్టు మెరిశాయి ఆమె కళ్లు.

బయటికి రావాలనే పక్షంలో మన మూలాలున్న నాయకులు కూడా ఉన్నారు. యూరప్ నుంచి లెక్కలేకుండా వస్తున్నారు కాబట్టే మీ వాళ్లకు వీసాలు బిగించాల్సి వస్తోంది, బయటపడితే అందరికీ ఒకే రూలు, అనేవాళ్లు. వారానికి 350 మిలియన్ పౌండ్లు యూనియన్‌కి పంపుతున్నామని రాసి వాళ్లు తిప్పిన ఎర్ర బస్సు సంగతి నేను పట్టించుకోలేదు. "అందరికీ ఒకే రూలు" అన్న ముక్క మాత్రం నా చెవిలో గూడు కట్టుకుంది. ఓటుకు వారం ముందు జో కాక్స్ అనే ఎంపీని నడివీధిలో చంపేశారు. ఇద్దరు చిన్న పిల్లల తల్లి. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఇంట్లోనే ఉండిపోదాం, ఓటు వేయకుండా, అని కూడా అనుకున్నాను.

గురువారం సాయంత్రం ఆంటీ వచ్చి, "బేటా, మాయ్‌ని కూడా తీసుకెళ్లవా? పిల్లాణ్ని నేను చూస్తాను" అంది.

మాయ్ చెయ్యి పట్టుకుని వీధి చివరి చర్చి హాలుకు నడిపించాను. మామూలుగా ఐదు నిమిషాలు, ఆమెతో ఇరవై. మాయ్ ముదురు నీలం గౌను వేసుకుంది, ఆదివారం ప్రార్థనకు వేసుకునేది. లోపల రెండు బల్లలు, ఇద్దరు పెద్దవాళ్లు. పేరు, అడ్రస్ అడిగి, జాబితాలో స్కేలు పెట్టి గీత కొట్టారు. గుర్తింపు కార్డు అడగలేదు, వేలికి సిరా పూయలేదు. మాయ్ ఎడమచెయ్యి చాపి కాసేపు అలాగే ఉంచింది, సిరా కోసం. ఏం లేదని సైగ చేస్తే నమ్మకం కుదరనట్టు చూసింది.

చెక్క గదుల్లాంటివి పక్కపక్కనే. లోపల దారంతో కట్టేసిన పెన్సిలు. కాగితం మీద ఒక ప్రశ్న, రెండు గళ్లు. మాయ్‌కి అంతకుముందే ఆంటీ చెప్పి పంపింది, పై గడి అని. పక్క గదిలో ఆమె పెన్సిలు గీత పెట్టిన చప్పుడు నాకు వినబడింది, అంత నెమ్మదిగా, గట్టిగా గీసింది. నేను కింది గడిలో గుర్తు పెట్టాను. మాయ్ ఆ కిటికీ దగ్గర కూర్చోవడానికి ఏ చట్టం కారణమో, ఆ చట్టం ఇక వద్దని, మాయ్‌ని పక్కన పెట్టుకుని వేశాను. తిరిగి వస్తుంటే ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికొచ్చాక రెండు వేళ్లు విప్పి చూపించింది కూతురికి.

తెల్లారేసరికి తేలిపోయింది. 51.9 శాతం బయటికి, 48.1 శాతం లోపల. మా స్విండన్‌లో దాదాపు 55 శాతం బయటికే. ప్రధాని కామెరాన్ ఇంటి ముందు నిలబడి దిగిపోతున్నానన్నాడు. మా ఆయన ఫోన్‌లో పౌండు ధర చూస్తున్నాడు. ముందురోజు నూరు రూపాయల దగ్గరున్నది ఆ అక్టోబర్‌కి ఎనభై చిల్లరకు దిగింది. హైదరాబాద్ ఫ్లాటు వాయిదాలు మాకు ఒక్కసారిగా భారమయ్యాయి. అది పెద్ద సంగతి కాదు. ఆ శుక్రవారం చెత్తడబ్బా బయట పెట్టడానికి వెళ్తే ఆంటీ కూడా వచ్చింది, రాత్రి షిఫ్టు బట్టల్లోనే. "ఇప్పుడు మా సంగతేంటి బేటా?" అంది. "ఏం కాదు ఆంటీ" అన్నాను. ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

మా తాతయ్య, చినతాతయ్య వేరుపడింది 1986లో. నాకు ఏడేళ్లు. అరుగు మీద పెద్దమనుషులు కూర్చున్నారు. కరణాల పదవులు అప్పటికే తీసేసినా, పారీఖత్తు రాయడానికి మా పాత కరణం గారినే పిలిచారు. పొలం ఒక పూటలో తేలింది. గొడ్లు, ధాన్యం కొట్టు, ఇత్తడి గంగాళాలు సాయంత్రానికి. బావి దగ్గర ఆగిపోయింది. బావి మా వాటా పెరట్లో ఉంది. చినతాతయ్య వాళ్లు నీళ్లు తోడుకోవాలంటే మా పెరట్లోంచి రావాలి. గోడ కడితే దారి పోతుంది, దారి ఉంచితే ఇక గోడెందుకు? కరణం గారు మూడుసార్లు రాసి మూడుసార్లు చించేశారు. పదకొండు రోజులు రెండు పొయ్యిలూ వెలిగాయి, ఒకరితో ఒకరికి మాటల్లేవు.

2018, 2019లలో పార్లమెంటు చూస్తుంటే నాకు ఆ అరుగే కనబడేది. కామెరాన్ తర్వాత ప్రధాని అయిన తెరిసా మే, బయటికి వస్తున్నామని యూనియన్‌కి ఉత్తరం పంపింది 2017 మార్చి 29న. రెండేళ్లలో పంపకాలు తేలాలి. ఇక్కడి యూరప్ వాళ్ల హక్కులు, కట్టాల్సిన బాకీ, ఈ రెండూ తేలాయి. బావి దగ్గర ఆగింది. ఈసారి బావి ఐర్లాండ్. ఉత్తర ఐర్లాండ్ బ్రిటన్‌తో పాటు బయటికి, దక్షిణాన ఉన్న ఐర్లాండ్ దేశం యూనియన్‌లోనే. మధ్యలో 500 కిలోమీటర్ల సరిహద్దు. ముప్ఫై ఏళ్ల రక్తపాతం తర్వాత 1998 ఒప్పందంతో అక్కడ కాపలాలు పోయాయి, మళ్లీ పెట్టడానికి ఎవరికీ ఇష్టం లేదు. సరుకు తనిఖీ లేకుండా వేరుపడటం ఎలా? దారి దొరికేదాకా దేశం మొత్తం యూనియన్ సుంకాల పద్ధతిలోనే ఉంటుందని తెరిసా మే ఒప్పందం రాసుకొచ్చింది, 585 పేజీలు. అలాగైతే ఇది వేరుపడటమే కాదని ఆమె సొంత పార్టీ వాళ్లే లేచారు. 2019 జనవరి 15న ఓటు పెడితే 432 మంది కాదన్నారు, 202 మంది ఔనన్నారు. మార్చిలో మరో రెండుసార్లు పెట్టింది, రెండుసార్లూ ఓడింది. స్పీకర్ "ఆర్డర్" అని అరవడం మా వాడు స్కూల్లో అనుకరించేవాడు. నాకు మాత్రం కరణం గారు కాగితం చించిన చప్పుడే గుర్తొచ్చేది.

తర్వాత వచ్చిన బోరిస్ జాన్సన్ గోడను సముద్రంలోకి జరిపాడు. బ్రిటన్ నుంచి ఉత్తర ఐర్లాండ్‌కి వెళ్లే సరుకుకు తనిఖీ అన్నాడు. అంటే పొరుగింటికీ మనకీ మధ్య కాక, మన వసారాకీ వంటింటికీ మధ్య గోడ. ఆ పద్ధతిని సడలించడానికి 2023లో మళ్లీ కూర్చోవాల్సి వచ్చింది. మా ఊళ్లో అయితే గోడ కట్టారు, బావి మేర వదిలేశారు. ఇప్పటికీ ఆ సందు అలాగే ఉంది.

ఆ 2019 ఫిబ్రవరిలోనే మా స్విండన్ హోండా కార్ల ఫ్యాక్టరీ మూసేస్తామన్నారు. 3,500 ఉద్యోగాలు. బ్రెగ్జిట్ వల్ల కాదని, కార్ల పరిశ్రమే మారిపోతోందని కంపెనీ చెప్పింది. మా వీధిలో ఆ మాట చాలామందికి మింగుడు పడలేదు.

ఏప్రిల్‌లో ఓ ఆదివారం ఆంటీ ఒక ప్లాస్టిక్ సంచీ నిండా కాగితాలతో వచ్చింది. ఐర్లాండ్ వాళ్లు తప్ప యూరప్ వాళ్లందరూ ఇక్కడే ఉండిపోవడానికి ఫోన్‌లో ఒక యాప్ ద్వారా అప్లై చేసుకోవాల్సి వచ్చింది. ఆ యాప్ అప్పట్లో ఆండ్రాయిడ్ ఫోన్లలోనే పనిచేసేది, ఆంటీది ఐఫోన్. మా ఆయన ఫోన్ తీసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాం. పాస్‌పోర్టు మీద ఫోన్ పెట్టి, లోపలి చిప్ చదివేదాకా కదపకుండా పట్టుకోవాలి. నాలుగుసార్లు తప్పింది. ఐదోసారి తీసుకుంది. తర్వాత ముఖం ఫొటో. ఆంటీ కొంగులాంటి స్కార్ఫ్ సర్దుకుని గోడ ముందు నిలబడింది.

మాయ్‌ది ఇండియన్ పాస్‌పోర్టు కాబట్టి, ఆమె ఆంటీ తల్లేనని రుజువు కావాలి. ఆంటీ సంచీలోంచి తన పుట్టిన కాగితం తీసింది, పోర్చుగీసులో రాసింది, మడతల దగ్గర చిరిగితే టేపు వేసింది. తల్లి పేరు దగ్గర వేలు పెట్టి చూపించింది. అరిగిపోయిన గోరు, రాత్రంతా అట్టపెట్టెలు విప్పిన వేలు.

ఆ వేలు చూశాక నాలో దాచుకున్నది ఆగలేదు. "ఆంటీ, ఆ రోజు నేను బయటికి వచ్చేయడానికే వేశాను" అన్నాను.

ఆమె కాగితం మీంచి చూపు ఎత్తలేదు. పొయ్యి మీద టీ పొంగింది, వెళ్లి కట్టేసి వచ్చాను. చాలాసేపటికి అడిగింది.

"మీ అమ్మ కోసమా?"

"అవును."

"వచ్చిందా వీసా?"

"లేదు ఆంటీ."

ఆమె ఫోన్ నా వైపు జరిపింది. "ఫొటో మళ్లీ తియ్యి. కళ్లు మూసుకున్నట్టున్నాను" అంది. టీ తాగకుండా వెళ్లిపోయింది. రెండు వారాలు మా తలుపు కొట్టలేదు. మా వాడు మాత్రం ఎప్పటిలాగే వాళ్లింట్లో దిగేవాడు, ఏదో ఒకటి తిని వచ్చేవాడు. తర్వాత ఇద్దరికీ అనుమతి వచ్చిందని ఈమెయిల్ తెచ్చి చూపించింది, ప్రింటు తీయించి ప్లాస్టిక్ తొడుగు వేయించింది కూడా. ఆ ఉత్తరంలోనే రాసి ఉంది, ఇది రుజువు కింద చెల్లదు, అంతా ఆన్‌లైన్‌లోనే అని. నేను ఆ వాక్యం చదివి వినిపించలేదు. ఏసు పటం పక్కన పెట్టుకుంది.

2020 జనవరి 31 రాత్రి 11 గంటలకు దేశం యూనియన్ నుంచి బయటికి వచ్చింది. వ్యాపార ఒప్పందం ఆ ఏడాది క్రిస్మస్ ముందురోజుకు గానీ కుదరలేదు. 2021 నుంచి కొత్త వీసా పద్ధతి వచ్చింది. మనవాళ్లు ఉద్యోగాల మీద చాలామంది వచ్చారు, మా వీధిలోనే ఇప్పుడు ఇంకో రెండు తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లను చూస్తే సంతోషమే. కానీ తల్లిదండ్రుల రూలు అక్షరం మారలేదు. "అందరికీ ఒకే రూలు" అన్న మాట మాత్రం నిలబెట్టుకున్నారు. కొత్తగా వచ్చే యూరప్ వాళ్లకు కూడా ఇప్పుడు మాకున్న రూలే. మా తలుపు తీస్తారని నేను ఓటు వేస్తే, వాళ్ల తలుపు కూడా మూసి సమానం చేశారు. ఆ పెన్సిలు గీత గుర్తొస్తే ఇప్పటికీ నాకు మనసు బాధగా ఉంటుంది.

అమ్మ మాత్రం 2019 వేసవిలో విజిట్ వీసా మీద వచ్చింది, మే నుంచి అక్టోబర్ దాకా. మధ్యాహ్నాలు పక్కింటికి వెళ్లి కిటికీ దగ్గర మాయ్ పక్కన కుర్చీ వేసుకునేది. ఈమెకు తెలుగు, ఆమెకు కొంకణి. అమ్మ పచ్చి బఠాణీలు ఒలిచేది, మాయ్ జపమాల ఒళ్లో పెట్టుకుని తనూ రెండు కాయలు తీసుకునేది. ఎవరి భాషలో వాళ్లు గంటలు గంటలు మాట్లాడుకునేవారు. ఆంటీ రాత్రి షిఫ్టు చేసి వచ్చి మేడ మీద పడుకుంటే, కింద ఈ ఇద్దరే ఇంటికి కాపలా.

అమ్మ వెళ్లే రోజు టీవీలో జాన్సన్ కొత్త ఒప్పందం మీద గొడవ. పెట్టెలు వాకిట్లో పెట్టి చెప్పి వెళ్దామని పక్కింటికి వెళ్లాం. మాయ్ అమ్మ చెయ్యి వదల్లేదు. ఏదో అడిగింది. ఆంటీ నాకు చెప్పింది: "కూతురిల్లు ఇక్కడ ఉండగా ఎక్కడికి వెళ్తున్నావు అంటోంది."

"మీరే చెప్పండి ఆంటీ" అన్నాను.

ఆంటీ వంగి, తల్లి చెవి దగ్గర కొంకణిలో చాలాసేపు చెప్పింది. అందులో నాకు అర్థమైంది వీసా అన్న ఒక్క ముక్కే. మాయ్ వింటూ వింటూ అమ్మ వైపు చూసింది, మళ్లీ నా వైపు చూసింది. బయట కారు హారన్ కొట్టారు మా ఆయన.